తొడ వెనక సెగ్గడ్డ: హెచ్‌ఐవీ ఉన్న పేషంట్‌లో మందులకు లొంగని న్యుమోనియా

ఫిబ్రవరి రెండో వారం. పల్నాడు, గుంటూరు పొలాల్లో మిర్చి కోతలు జోరుమీదున్నాయి. ఈ రోజుల్లో మా మెడికల్ వార్డులో యాస మారిపోతుంది. ఎక్కడ చూసినా "దినాలు", "పోతాది", "రావల్ల". ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికి, అంటే కోత పనులకు, వచ్చిన కుటుంబాలు పొలం గట్ల మీద టార్పాలిన్ గుడిసెలు వేసుకుని రెండు మూడు నెలలు ఉండిపోతాయి. జ్వరం వస్తే ముందు ఆర్‌ఎంపీ, తర్వాత దగ్గర్లో ఉన్న టౌన్లో నర్సింగ్ హోమ్. చేతిలో డబ్బులు అయిపోయాక గవర్నమెంట్ ఆసుపత్రి, అంటే మేము.

ఈ కేసు అలా వచ్చిందే. పేషంట్ అనుమతితో రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. నేను చేసిన పొరపాట్లు మాత్రం మార్చలేదు.

వచ్చిన రాత్రి

39 ఏళ్ల మహిళ. బరువు 42 కిలోలు. హెచ్‌ఐవీ ఉందని తెలిసి పదకొండేళ్లు. భర్త అంతకు ముందే చనిపోయాడు. సొంతూరి దగ్గర హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ నుంచి టీఎల్‌డీ వాడుతోంది, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒకే మాత్ర. ఆటోలోంచి తల్లి, చెల్లెలు చెరో రెక్క పట్టుకుని దించారు.

ఐదు రోజులుగా చలిజ్వరం, మూడు రోజులుగా ఆయాసం. కుడి డొక్కలో పోటు, గాలి పీలిస్తే ఎక్కువ. దగ్గితే పసుపుపచ్చ కళ్లె, అందులో ఎర్రటి చారలు. "నిమ్ము చేరిందన్నారు సార్" అంది తల్లి. ఆర్‌ఎంపీ దగ్గర రెండు సెలైన్లు, రోజుకో సూది, నాలుగు రోజులు లెవోఫ్లాక్సాసిన్ మాత్రలు. ఆ తర్వాత నర్సింగ్ హోమ్‌లో ఒక రాత్రి, సెఫ్ట్రియాక్సోన్ రెండు డోసులు. తెల్లారి రక్తపరీక్ష రిపోర్టు చూసి "మా దగ్గర ఐసీయూ లేదు" అని పంపేశారు. రిఫరల్ కాగితం మీద హెచ్‌ఐవీ అన్న మాట చుట్టూ ఎర్ర పెన్నుతో రెండు చోట్ల సున్నా చుట్టి ఉంది. ఆ కాగితాన్ని మడవను కూడా మడవకుండా ఆటో డ్రైవర్ చేతికిచ్చారు. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో వైద్యం నిరాకరించకూడదు, ఆ సంగతి బయట పెట్టకూడదు అని 2017లోనే పార్లమెంటు చట్టం చేసింది. 2018 సెప్టెంబర్ నుంచి అది అమల్లో ఉంది. ఆటో డ్రైవర్‌కి అంతా తెలిసిపోయిందని తల్లికి కూడా తెలుసు. ఆమె అతని వైపు చూడకుండా కిరాయి చేతిలో పెట్టింది.

పల్స్ 128. బీపీ 92/60. నిమిషానికి 36 శ్వాసలు. ఆక్సిజన్ లేకుండా సాచురేషన్ 84 శాతం. ధమని రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్షలో ఆక్సిజన్ 54. హిమోగ్లోబిన్ 8.4, తెల్లకణాలు 3,100, ప్లేట్‌లెట్లు 1.9 లక్షలు, క్రియాటినిన్ 0.9. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు, కుడి కింది భాగంలో దట్టంగా.

"హెచ్‌ఐవీ మాత్రలు ఎప్పుడు ఆపావమ్మా?" అని అడిగాను. మాట్లాడే ఓపిక ఆమెకు లేదు, తల్లే చెప్పింది. "సంక్రాంతికి ముందే అయిపోయినాయి సార్. తెచ్చుకోవల్లంటే ఊరికి పోయి రావల్ల. రెండు దినాలు కూలి పోతాది, చార్జీలు వేరే." లెక్క చూస్తే ఐదు వారాల పైనే. మర్నాడు వచ్చిన సీడీ4 రిపోర్టు, అంటే హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాల లెక్క: 86, చాలా తక్కువ.

నా ఆలోచన ఎటు పోయింది

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 నాటి ఎస్టిమేషన్ల ప్రకారం పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ దేశమంతా కలిపి 0.21 శాతం అయితే ఆంధ్రప్రదేశ్‌లో 0.67. అందుకే మాకు ఈ కేసులు కొత్త కాదు. కొత్త కాకపోవడమే ఒక్కోసారి ముప్పు. సీడీ4 తక్కువ, ఆయాసం, రెండు వైపులా మచ్చలు అనగానే చెయ్యి దానంతటదే రెండు పేర్లు రాస్తుంది: టీబీ, పీసీపీ. న్యుమోసిస్టిస్ అనే ఫంగస్ వల్ల వచ్చే న్యుమోనియానే వార్డులో పీసీపీ అంటాం. మామూలు బ్యాక్టీరియా న్యుమోనియా మూడో స్థానంలోకి జారిపోతుంది. నిజానికి సీడీ4 ఎంత ఉన్నా హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి బ్యాక్టీరియా న్యుమోనియా మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువగా వస్తుంది. ఏడాదిలో రెండుసార్లు వస్తే దాన్ని ఎయిడ్స్ దశ జబ్బుల్లోనే లెక్కేస్తారు.

పీసీపీ ఇలా ఉండదు. అది రెండు మూడు వారాలు మెల్లగా ముదురుతుంది, పొడి దగ్గు ఉంటుంది, నాలుగడుగులు వేస్తే సాచురేషన్ పడిపోతుంది. ఈమెది ఐదు రోజుల జబ్బు, కళ్లె చీములా ఉంది, డొక్కలో పోటు ఉంది. ఇవన్నీ కేస్ షీట్‌లో నా చేతులతోనే రాశాను. రాసి, కింద ఆర్డర్లు ఇలా పెట్టాను: సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్, పీసీపీ డోసులో కోట్రైమాక్సజోల్ (రోజుకు నాలుగు డబుల్ స్ట్రెంత్ మాత్రలు), ఆక్సిజన్ 70 కంటే తక్కువ ఉంది కాబట్టి ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. డొక్క నొప్పికి ట్రమడాల్. కోవిడ్ టైమ్‌లో వచ్చిన హై ఫ్లో ఆక్సిజన్ మెషీన్ ఒకటి ఖాళీగా ఉంది, దాని మీద పెట్టాం.

ఒక్క పని మాత్రం సరిగ్గా జరిగింది. మా దగ్గర మొదటి డోసు పడకముందే కళ్లె తీయించాం. నోట్లోని ఉమ్మి కాదు, లోపలి నుంచి దగ్గి తీసిందే. అందులో కొంత టీబీని పట్టే సీబీనాట్ పరీక్షకి, కొంత గ్రామ్ స్టెయిన్‌కి (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడటం), కల్చర్‌కి (సూక్ష్మజీవిని పెంచి చూడటం) వెళ్లింది. బ్లడ్ కల్చర్ సీసాలు క్యాజువాలిటీలో అయిపోయాయి. పొద్దున స్టోర్ నుంచి తెప్పించి తీసేసరికి మా సెఫ్ట్రియాక్సోన్ కూడా ఒక డోసు పడింది. ఆ కల్చర్‌లో ఏమీ పెరగలేదు. అప్పటికే అన్ని యాంటీబయాటిక్స్ పడ్డ రక్తంలో పెరగకపోతే దాని మీద ఏమీ తేల్చలేం.

రెండో రోజు సీబీనాట్ నెగెటివ్ వచ్చింది. మూత్రంలో చేసే టీబీ పరీక్ష లామ్ నెగెటివ్. క్రిప్టోకాకస్ అనే ఫంగస్ కోసం చేసే యాంటిజెన్ పరీక్ష నెగెటివ్. ఆమె మాత్రం రాత్రికి ఇంకా దిగజారింది.

మూడో రోజు పొద్దున

దుప్పటి మార్చడానికి పక్కకు తిప్పిన స్టాఫ్ నర్స్ నన్ను కేకేసింది. "సార్, ఈమెకి వెనక పుండుంది, చూశారా?"

నేను చూడలేదు. ఆయాసంతో కూర్చున్న మనిషిని ముందు నుంచి, వీపు నుంచి స్టెత్ పెట్టి చూశానే తప్ప పడుకోబెట్టి పూర్తిగా చూడలేదు. కుడి తొడ వెనక, పిరుదుకి కాస్త కింద, రూపాయి బిళ్లంత గుంట. చుట్టూ చర్మం గట్టిగా, ముదురు ఎరుపులో ఉంది. నొక్కితే చిక్కటి చీము. పైన వేపాకు, పసుపు నూరి పెట్టిన మరక, దాని మీద చీర చెంగు చించి కట్టిన గుడ్డ. ఆ గుడ్డ అంచున మిర్చి దుమ్ము.

"గడ్డ లేసిండె సార్, పదైదు దినాలాయ" అంది తల్లి. "ఆ డాక్టరు బ్లేడుతో కోసి పిండినాడు. గుడిసెలో ఇంగ ఇద్దరికి లేసినాయి."

సెగ్గడ్డ, తర్వాత వారానికి రక్తచారలతో న్యుమోనియా, తెల్లకణాలు తక్కువ. ఆ తెల్లకణాల సంఖ్యని నేను హెచ్‌ఐవీ ఖాతాలో వేసేశాను. స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో కొన్ని రకాలు పీవీఎల్ అనే విషాన్ని తయారు చేస్తాయి. అది తెల్లకణాల గోడల్నే చిల్లులు పొడుస్తుంది, ఊపిరితిత్తిని కుళ్లబెడుతుంది. అలాంటి న్యుమోనియాలో కళ్లెలో రక్తం, తెల్లకణాలు పడిపోవడం ప్రమాద సూచనలు. రెండూ మొదటి రాత్రే నా ఎదుట ఉన్నాయి.

ల్యాబ్‌కి పరిగెత్తుదామని కేస్ షీట్ తీసుకుంటే, బయోకెమిస్ట్రీ కాగితాల వెనక చిన్న స్లిప్ ఒకటి దొరికింది. గ్రామ్ స్టెయిన్ రిపోర్ట్. "చీము కణాలు విస్తారం. గ్రామ్ పాజిటివ్ కోకై, గుత్తులుగా." స్టెఫ్ కనిపించేది ఇలాగే. తేదీ చూస్తే మొన్నటిది. ల్యాబ్ మొదటి రాత్రే చెప్పేసింది. మేం ఒకటిన్నర రోజు చదవలేదు. ఆ ఒకటిన్నర రోజూ ఆమెకు స్టెఫ్ మీద పని చేసే మందు ఒక్కటి పడకపోగా స్టెరాయిడ్ పడింది.

వెంటనే మళ్లీ ఎక్స్‌రే. మచ్చల మధ్య పల్చటి గోడలున్న గుండ్రటి గుల్లలు కనిపించాయి. కుడివైపు నీరు. సూది పెట్టి లాగితే సిరంజిలోకి వచ్చింది నీరు కాదు, చిక్కటి మజ్జిగలాంటి చీము. అక్కడికక్కడే ఛాతీలో ట్యూబ్ వేశాం. గుల్లలు గుండె కవాటాల నుంచి ఎగిరిపడ్డ గడ్డల వల్ల వచ్చాయేమోనని ఎకో చేయించాం. కవాటాలు శుభ్రంగా ఉన్నాయి. స్టెరాయిడ్ ఆపాను.

ఈ గుల్లల్ని టీబీ అనుకుని మందులు మొదలుపెట్టిన కేసులు నా సర్వీసులో ఒకటికి రెండున్నాయి.

ప్లేటు మీద డి అక్షరం

నాలుగో రోజు మైక్రోబయాలజిస్ట్ మేడమ్ ఫోన్ చేసి, "రిపోర్ట్ పంపిస్తాలే గానీ, ఒకసారి కిందికి రా" అన్నారు. కళ్లె, ఛాతీ చీము, తొడ మీది చీము, మూడింట్లోనూ ఒకే సూక్ష్మజీవి. ప్లేటు మీద సూక్ష్మజీవిని పెంచి మందు బిళ్లలు పెడతారు, మందు పని చేస్తే బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం వస్తుంది. సెఫాక్సిటిన్ బిళ్ల చుట్టూ వలయం 14 మిల్లీమీటర్లే ఉంది. 22 కంటే తక్కువుంటే అది ఎంఆర్‌ఎస్‌ఏ, మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్. అంటే పెనిసిలిన్లు, సెఫ్ట్రియాక్సోన్‌తో సహా మనం రోజూ వాడే సెఫలోస్పోరిన్లు, మెరోపెనెమ్ దాకా ఏవీ పని చేయవు. లెవోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్, జెంటామైసిన్, కోట్రైమాక్సజోల్ కూడా పని చేయవు.

ఆవిడ చూపించాలనుకున్నది వేరే. క్లిండామైసిన్ బిళ్ల చుట్టూ వలయం పెద్దదిగానే ఉంది. మామూలుగా అయితే "పని చేస్తుంది" అని రాసేయొచ్చు. కానీ పక్కన ఎరిత్రోమైసిన్ బిళ్ల ఉన్న వైపు ఆ వలయం గుండ్రంగా లేదు, గీత గీసినట్టు చదునుగా ఉంది. మొత్తం ఆకారం ఇంగ్లిష్ డి అక్షరం. ఎరిత్రోమైసిన్ తగిలినప్పుడు ఈ సూక్ష్మజీవి నిద్రపోతున్న జీన్‌ని లేపుతుంది, అప్పుడు క్లిండామైసిన్ కూడా పని చేయదు. ఒంట్లో కూడా ఇదే జరగొచ్చు. రెండు బిళ్లల్నీ ప్లేటు మీద దూరంగా పెట్టి ఉంటే ఈ సంగతి తెలిసేదే కాదు.

మిగిలినవి వాంకోమైసిన్, లినెజోలిడ్, డాక్సీసైక్లిన్. వాంకోమైసిన్‌ని బిళ్లతో చూస్తే నమ్మలేం కాబట్టి ఎంఐసీ, అంటే సూక్ష్మజీవిని ఆపే కనీస మోతాదు, చూశారు: 1. పని చేస్తుంది.

ఆస్పత్రి గడప తొక్కని మనుషుల్లో ఎంఆర్‌ఎస్‌ఏ ఏంటి అని మా హౌస్ సర్జన్ అడిగాడు. ఎస్‌టీ772 అనే రకం ఒకటుంది, బెంగాల్ బే క్లోన్ అంటారు. మన ప్రాంతంలోనే పుట్టి ప్రపంచానికి పాకింది. ఆసుపత్రుల్లోనే కాదు, ఇళ్లలో కూడా తిరుగుతుంది. పీవీఎల్ ఉంటుంది, ఎరిత్రోమైసిన్, జెంటామైసిన్, ట్రైమెథోప్రిమ్, ఫ్లోరోక్వినలోన్లకు లొంగదు. మా ప్లేటు మీది వరస దానికి దగ్గరగానే ఉంది. జీన్ పరీక్ష చేయించలేదు, వైద్యం మారేది కాదు.

ఏ మందు

మూడో రోజే, కల్చర్ రాకముందే, గ్రామ్ స్లిప్ చూసిన గంటలో మందు మార్చాలి. వాంకోమైసిన్‌కి చెయ్యి వెళ్లింది. అప్పుడే ఆ పూట క్రియాటినిన్ వచ్చింది: 1.5. పొటాషియం 5.6. ట్రైమెథోప్రిమ్ కిడ్నీని పాడు చేయకుండానే క్రియాటినిన్‌ని కొంత పెంచి చూపిస్తుంది, పొటాషియంని నిజంగానే పెంచుతుంది. కానీ బీపీ 90 దగ్గరున్న మనిషికి పెరిగిందంతా అబద్ధం అనుకోలేం. ఆమె బరువుతో లెక్క కడితే క్లియరెన్స్, అంటే కిడ్నీ వడపోత, నిమిషానికి 33 మిల్లీలీటర్లు. మా దగ్గర వాంకోమైసిన్ లెవెల్స్, అంటే రక్తంలో ఆ మందు ఎంతుందో చూసే పరీక్ష, చేయరు. లెవెల్ చూడకుండా ఆ కిడ్నీ మీద వాంకోమైసిన్ వేయడానికి మనసొప్పలేదు.

లినెజోలిడ్ ఊపిరితిత్తిలోకి బాగా వెళ్తుంది, విషం తయారీని కూడా తగ్గిస్తుంది, కిడ్నీ కోసం డోసు మార్చక్కర్లేదు. ఇబ్బంది టీబీతో. లినెజోలిడ్ టీబీ మీద కూడా పని చేస్తుంది. మందులకు లొంగని టీబీకి 2024లో మన దేశం ఆమోదించిన బీపాల్‌ఎమ్ కోర్సులో అదొక ముఖ్యమైన మందు. లోపల దాక్కున్న టీబీ ఉంటే రెండు వారాల లినెజోలిడ్‌తో కొన్నాళ్లు అణిగి, తర్వాత మొండిగా తిరిగొస్తుంది. ఆర్‌ఎంపీ ఇచ్చిన లెవోఫ్లాక్సాసిన్‌తో ఉన్న గొడవ కూడా ఇదే: నాలుగు రోజులు జ్వరం తగ్గించి, టీబీ పరీక్షని గందరగోళం చేసి పోతుంది. అందుకే మొదటి డోసుకు ముందే ఇంకో కళ్లె శాంపిల్ సీబీనాట్‌కి, ఛాతీ చీము టీబీ కల్చర్‌కి పంపాం. రెండో సీబీనాట్ కూడా నెగెటివ్.

లినెజోలిడ్ 600, పన్నెండు గంటలకోసారి. ట్రమడాల్ ఆపించాను. రెండూ కలిస్తే వణుకు, జ్వరం, గందరగోళంతో సెరటోనిన్ సిండ్రోమ్ రావొచ్చు, జ్వరంతో ఉన్న మనిషిలో దాన్ని పసిగట్టడం కష్టం. నాలుగో రోజు కల్చర్ చేతికొచ్చాక సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్, పీసీపీ డోసు కోట్రైమాక్సజోల్ ఆపేశాను. మందులు తగ్గించడానికి ధైర్యం కావాలి. మా యూనిట్‌లో ఇద్దరు వద్దన్నారు.

తర్వాతి మూడు వారాలు

ఏడో రోజుకి జ్వరం తగ్గింది, క్రియాటినిన్ 1.0కి దిగింది. పదో రోజుకి ఆక్సిజన్ తీసేశాం. పీసీపీ మందు లేకుండానే తేరుకుంది కాబట్టి ఆ అనుమానం అక్కడితో తీరిపోయింది. పదకొండో రోజున ట్యూబ్ తీశాం.

ఏఆర్‌టీ ఎనిమిదో రోజు మొదలుపెట్టాం. టీబీ, క్రిప్టోకాకస్ లేవని తేలాక బ్యాక్టీరియా న్యుమోనియా కోసం ఆగక్కర్లేదు. టెనోఫోవిర్ కిడ్నీకి బరువు, మున్ముందు వాంకోమైసిన్ అవసరం పడొచ్చు. కాబట్టి తాత్కాలికంగా దాని బదులు అబాకవిర్ ఇచ్చాం. పాత రోజుల్లోలా జిడోవుడిన్ ఇచ్చి ఉంటే, లినెజోలిడ్‌తో కలిసి 8.4 హిమోగ్లోబిన్‌ని ఎక్కడికి దించేదో! ఇంకోటి. రక్తం తక్కువుందని ఐరన్, కాల్షియం మాత్రలు కూడా చార్టులో ఉన్నాయి, అన్నీ పొద్దున ఎనిమిదింటికే. ఐరన్, కాల్షియం కలిస్తే డొలుటెగ్రావిర్ ఒంటికి పట్టదు. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. ఇది నాకంటే ముందు ఏఆర్‌టీ సెంటర్ ఫార్మసిస్ట్ పట్టుకున్నాడు.

పదమూడో రోజు ప్లేట్‌లెట్లు 68 వేలు. లినెజోలిడ్ పదకొండో రోజు అది. పది రోజులు దాటితే ఇలా జరగొచ్చని తెలిసే రోజు విడిచి రోజు చూస్తున్నాం. ఆ రోజుకి క్రియాటినిన్ 0.8, క్లియరెన్స్ 60 పైనే. మొదట భయపడ్డ వాంకోమైసిన్ ఇప్పుడు ఇవ్వొచ్చు: 750 మిల్లీగ్రాములు పన్నెండు గంటలకోసారి, ఒక్కో డోసూ గంటన్నర సేపు, క్రియాటినిన్ రోజూ. పది రోజులు అలా నడిపి మొత్తం 21 రోజుల కోర్సు పూర్తి చేశాం. ప్లేట్‌లెట్లు 1.5 లక్షలకు వచ్చాయి. 24వ రోజు ఇంటికి.

గుడిసె

డిశ్చార్జికి ముందు చెల్లెల్ని, ఆమె ఆరేళ్ల కొడుకుని పిలిపించాం. పిల్లాడి మోచేతి మీద, చెల్లెలి చంకలో సెగ్గడ్డలు. పిల్లాడి గడ్డ నుంచి వచ్చిన చీములో అదే సూక్ష్మజీవి. ఎనిమిది మందికి ఒక టార్పాలిన్, రెండు తువ్వాళ్లు. రోజంతా మిర్చి ఘాటుకి చర్మం మండుతుంది, గోకుతారు, అదే తువ్వాలుతో తుడుచుకుంటారు. గడ్డల్ని సర్జన్ కోసి శుభ్రం చేశారు, చిన్న గడ్డలకు అంతకు మించి యాంటీబయాటిక్ అవసరం పడలేదు. అందరికీ ఐదు రోజులు ముక్కులో మ్యూపిరోసిన్, ఒంటికి క్లోర్‌హెక్సిడిన్ స్నానం. తువ్వాళ్లు ఎవరివి వాళ్లవి, ఎండలో ఆరేయాలి.

"నువ్ చెప్తావు సార్, నీళ్లు యాడియి?" అంది తల్లి. పొలంలో స్నానానికి బోరు కరెంటు వచ్చినప్పుడే. దానికి నా దగ్గర మందు లేదు.

నివారణకి రోజుకో కోట్రైమాక్సజోల్ మాత్ర రాశాను. "కల్చర్‌లో రెసిస్టెంట్ కదా సార్" అని పీజీ అడిగాడు. ఆ మాత్ర స్టెఫ్ కోసం కాదు, పీసీపీ, టాక్సోప్లాస్మా రాకుండా. సీడీ4 పెరిగేదాకా ఉండాల్సిందే.

టీకాల సంగతి కూడా వచ్చింది. స్టెఫ్‌కి టీకా లేదు. కానీ హెచ్‌ఐవీలో బ్యాక్టీరియా న్యుమోనియాకి మొదటి కారణం న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా. మలావిలో అప్పటికే ఒకసారి తీవ్రమైన న్యుమోకాకల్ జబ్బు వచ్చి తగ్గిన పెద్దవాళ్ల మీద, ఎక్కువ మంది హెచ్‌ఐవీ ఉన్నవాళ్లే, చేసిన ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. ఏడు రకాల న్యుమోకాకస్ మీద చేసిన కాంజుగేట్ టీకా ఆ రకాల వల్ల జబ్బు మళ్లీ రాకుండా 74 శాతం ఆపింది. ఫ్లూ వెనకే స్టెఫ్ న్యుమోనియా వస్తుంది కాబట్టి ఫ్లూ టీకాకి కూడా విలువుంది. బయట కొనాల్సిన టీకా ఖరీదు చెప్పగానే తల్లి లెక్క మొదలుపెట్టింది. ఎన్ని బస్తాల కోత కూలీయో నాకూ తెలుస్తూనే ఉంది. ఫ్లూ టీకా ఒకటి వేయించగలిగాం.

వార్డులో రెండు మార్పులు చేశాం. గ్రామ్ స్టెయిన్ రిపోర్ట్ ఇక స్లిప్‌గా రాదు, ల్యాబ్ నుంచి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ వస్తుంది, విన్నవాళ్లు టైమ్ వేసి కేస్ షీట్‌లో రాయాలి. బ్లడ్ కల్చర్ సీసాలు నాలుగు క్యాజువాలిటీ ఫ్రిజ్ పక్కన అల్మరాలో ఉంటాయి, తాళం సిస్టర్ దగ్గర.

ఛాతీ చీము టీబీ కల్చర్ ఆరు వారాలకు వచ్చింది, ఏమీ పెరగలేదు. కిడ్నీ కుదుటపడ్డాక సొంతూరి సెంటర్‌లో మళ్లీ టీఎల్‌డీకి మార్చారు. ఆగస్టులో అక్కడి కౌన్సిలర్ ఫోన్ చేసి చెప్పారు: సీడీ4 212, వైరల్ లోడ్‌లో వైరస్ కనిపించలేదు.

మళ్లీ జనవరిలో ఓపీలో కనిపించింది. ఏఆర్‌టీ పుస్తకం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మా సెంటర్‌లోనే మాత్రలు తీసుకోవడానికి వచ్చింది. వలస వచ్చినవాళ్లకి ఎక్కడున్నా అక్కడి సెంటర్‌లో మాత్రలు ఇస్తారని కిందటేడు వాళ్లకు ఎవరూ చెప్పలేదట. బరువు 49. తల్లి సంచి తెరిచి చూపించింది. ఈసారి ఎనిమిది మందికి ఎనిమిది తువ్వాళ్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు దారంతో మూల కుట్టి ఉంది.